ఇంజన్ చేయించాక మిస్సింగ్, నల్లపొగ: ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొనే ముందు ఇవి చూడండి

ప్రశ్న: నాన్నగారు 2006లో కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోల్ బండి మా ఇంట్లో ఉంది. ఆయిల్ తాగుతోందని నాలుగు నెలల క్రితం ఇంజన్ మొత్తం విప్పించాం. బోరింగ్ చేయించి 0.5 ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వేశారు. హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీట్ కటింగ్ లేత్‌లో చేయించాం. టైమింగ్ బెల్టు కొత్తది. పనిలో పనిగా వాల్వ్ కవర్‌కు ఎర్ర రంగు కూడా వేయించాను. స్టార్ట్ చేసిన రోజు నుంచీ ఇబ్బందే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. ఐదారు నిమిషాలకు ఐడ్లింగ్‌లో వణుకు మొదలవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 3000 ఆర్‌పీఎం దాటించి తొక్కితే కుదుపులు, వెనక నల్లపొగ. సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన కొడుతోంది. స్కానర్‌లో పి0300, పి0302 కోడ్లు వస్తున్నాయి. ప్లగ్గులు రెండుసార్లు, ఆక్సిజన్ సెన్సర్ ఒకసారి మార్చాం. ఇప్పుడు మెకానిక్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) మారుద్దాం, అదీ కాకపోతే రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్పించి పెట్రోల్ తగ్గిద్దాం అంటున్నాడు. ఖర్చు రెండు లక్షలు దాటింది. నాన్నగారు అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: ముందుగా ఒక మాట. ఇది చదివాక బండి తీసి ఇంకో రౌండ్ వేసి చూడకండి. కొత్త రింగులు, కొత్తగా హోనింగ్ చేసిన సిలిండర్ గోడలు ఒకదానికొకటి సర్దుకునేది మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే. ఆ సమయంలో కాలని పెట్రోల్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంటే రింగులు సర్దుకోవు సరికదా, గీతలు పడతాయి. మీరు పెట్టిన రెండు లక్షల్లో ఎక్కువ భాగం ఉన్నది ఆ గోడల మీదే. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ లెవెల్ పోసినప్పటికంటే పైకి కనిపించినా, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ ఇవాళే మార్పించండి. ఇంకో కారణం కూడా ఉంది. ఆయిల్‌లో కలిసిన పెట్రోల్, ఇంజన్ వేడెక్కగానే ఆవిరై, బ్రీదర్ పైపుల గుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకే వెళుతుంది. అసలు తప్పు సరిచేశాక కూడా ఆ ఆవిరి వల్ల బండి రిచ్‌గానే (గాలికి మించిన పెట్రోల్‌తో) నడుస్తుంది, సరిచేసింది తప్పేమో అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. "రిచ్‌గా నడుస్తోంది కాబట్టి మిస్సింగ్ వస్తోంది" అని మీ మెకానిక్ అనుకుంటున్నాడు. అది నిజం కావచ్చు. కానీ దానికి తలకిందులుగా జరిగేది కూడా అంతే మామూలు. మిస్సింగ్ వల్లే బండి రిచ్ అవుతుంది. ఎలాగంటే, ఒక సిలిండర్‌లో మంట అంటుకోకపోతే అందులోని పెట్రోలూ, వాడకుండా మిగిలిన గాలీ రెండూ సైలెన్సర్ వైపు పోతాయి. అక్కడ కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్‌కు ఆక్సిజన్ ఒక్కటే తెలుస్తుంది, కాలని పెట్రోల్ తెలియదు. "గాలి ఎక్కువైంది, పెట్రోల్ చాలడం లేదు" అని కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ నాలుగు సిలిండర్లకూ పెట్రోల్ పెంచుతుంది. అప్పటిదాకా బాగున్న మూడింటి ప్లగ్గులు కూడా నల్లబడతాయి. ప్లగ్గు తీసి చూసినవాడికి మసి కనిపిస్తుంది, "రిచ్" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, కనిపించిందే చెబుతున్నాడు. టర్బో నుంచి సెన్సర్ దాకా ఉన్న గ్యాస్కెట్లలో ఏదైనా లీకైనా ఇదే తంతు. బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌ను మోసం చేస్తుంది. అలాంటి బండికి రీమ్యాప్‌తో పెట్రోల్ కోసేస్తే ఏమవుతుందో ఊహించండి. ఐడ్లింగ్ కొంచెం కుదురుకోవచ్చు గానీ, టర్బో ప్రెషర్ మీద నిజంగా పెట్రోల్ కావలసినప్పుడు అందక, కొత్త పిస్టన్లు నాకింగ్‌తో దెబ్బతింటాయి. రీమ్యాప్ మాట ఇప్పుడు ఎత్తకండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం "పొద్దున బాగానే ఉంటుంది, ఐదారు నిమిషాలకు వణుకు" అన్నది. చల్లటి ఇంజన్‌కు ఎలాగూ ఎక్కువ పెట్రోల్ కావాలి. కాబట్టి ఎక్కడైనా పెట్రోల్ అదనంగా కారుతున్నా అప్పుడు బయటపడదు, వేడెక్కాకే బయటపడుతుంది. ఇది ఒక దారి. రెండోది, ఆక్సిజన్ సెన్సర్ మాట కంప్యూటర్ వినడం మొదలయ్యేది కొంత సమయం గడిచాకే. సెన్సర్ తప్పుడు మాట చెబుతుంటే గొడవ అక్కడి నుంచే మొదలవుతుంది. మూడోది మెకానికల్. వేడికి సాగిన వాల్వ్ సీటు మీద సరిగ్గా కూర్చోకపోవడం. మూడింటిలో ఏది అన్నది స్కానర్‌లోని రెండు అంకెలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. దానికంటే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది.

ఆ ఎర్ర రంగు. ఈ ఇంజన్‌లో ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే నాలుగు కాయిల్స్‌కూ వెళ్లే వైరింగ్‌లో ఒక ఎర్త్ వైరు ఉంటుంది, అది వాల్వ్ కవర్ దగ్గర బోల్టు కిందికే వస్తుంది. రంగు వేయించి బిగించినప్పుడు ఆ వైరు చివరి రింగు రంగు మీద కూర్చుని ఉంటే కాయిల్స్‌కు ఎర్త్ సరిగ్గా దొరకదు. ఆ రింగు విప్పి, దాని కింద లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించండి. నేను చూసిన ఒక బండికి మూడు నెలల మిస్సింగ్ రూపాయి బిళ్ల సైజు రంగు గీకేస్తే పోయింది. దాని కోసం ఆ ఇంటివాళ్లు అప్పటికే నాలుగు కాయిల్స్, ఇంజెక్టర్లు కొనేశారు. మీదీ అదేనని నేను అనడం లేదు. పి0300 అంటే ఏ ఒక్క సిలిండర్‌కూ పరిమితం కాని మిస్సింగ్, కాబట్టి అందరికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ మీద అనుమానం న్యాయమే.

తర్వాత పి0302, అంటే రెండో సిలిండర్. దాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి వేయండి. వైరు కనెక్టర్లను మాత్రం వాటి స్థానం మార్చకండి, కాయిల్స్ మాత్రమే మార్చండి. మిస్సింగ్ మూడుకు వెళ్తే కాయిల్ పోయింది, ఒక్క కాయిల్ కొనుక్కుంటే సరిపోతుంది. ఈ తరం 1.8 టర్బోలకు కాయిల్స్ పోవడం పేరుమోసిన జబ్బే. వెళ్లకుండా రెండులోనే ఉంటే కాయిల్ మంచిదే. కనెక్టర్ల గురించి ఎందుకంత చెబుతున్నానంటే, ఇందులో ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. రెండు, మూడు సిలిండర్ల పిస్టన్లు కలిసే పైకి వస్తాయి, కానీ వాటిలో ఒకటి కంప్రెషన్‌లో ఉంటే ఇంకోటి ఎగ్జాస్ట్‌లో ఉంటుంది. ఆ రెండు కనెక్టర్లు తారుమారైతే స్పార్క్ వస్తూనే ఉంటుంది, రాకూడని సమయంలో వస్తుంది, రెండు సిలిండర్లూ పని చేయవు. విప్పి బిగించిన ఇంజన్లలో ఇలాంటి పొరపాటు అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లో కూడా జరుగుతుంది.

ప్లగ్గులు కూడా అదే సమయంలో చూడండి. గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మసి పొడిగా, వేలికి అంటుకునేలా ఉంటే మిశ్రమం రిచ్. నల్లగా జిడ్డుగా మెరుస్తుంటే అది ఆయిల్, అంటే రింగుల వైపో వాల్వ్ సీల్స్ వైపో చూడాలి. రెండో సిలిండర్ ప్లగ్గు మిగతా మూడింటికంటే వేరుగా కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి. బాగా మసి పట్టిన ప్లగ్గు, తప్పు సరిచేశాక కూడా కొన్నిసార్లు కోలుకోదు. ప్లగ్గు కొన దాదాపు 450 డిగ్రీల వేడి దాటితేనే దాని మసి అది కాల్చుకోగలదు, ఐడ్లింగ్‌లో వణుకుతూ నిలబడిన బండిలో ఆ వేడి రాదు. అందుకే అన్ని పరీక్షలూ అయ్యాక, చివరి పనిగా కొత్త సెట్ వేయండి. మధ్యలో వేసి పాడు చేసుకోకండి. మీరు రెండుసార్లు మార్చిన ప్లగ్గులకు అదే జరిగిందని నా అనుమానం.

ఇప్పుడు స్కానర్. ఈ బండికి వీసీడీఎస్ (స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్ల స్కానర్ ప్రోగ్రామ్) ఉన్నచోటికి వెళ్లండి, మామూలు కోడ్ రీడర్ చాలదు. అందులో మెజరింగ్ బ్లాక్ 032 అనే పేజీ తెరవమనండి. అందులో మొదటి అంకె ఐడ్లింగ్‌లో కంప్యూటర్ చేసుకున్న సర్దుబాటు, రెండోది మామూలుగా నడిచేటప్పటిది. రెండూ శాతాల్లో ఉంటాయి. ప్లస్ ఉంటే కంప్యూటర్ పెట్రోల్ పెంచుతోందని, మైనస్ ఉంటే తగ్గిస్తోందని అర్థం. పదిలోపు అయితే భరించవచ్చు. కోడ్లు తుడిపితే ఈ అంకెలు కూడా సున్నా అవుతాయి, కాబట్టి తుడిపే ముందు ఒకసారి, తర్వాత ఇరవై నిమిషాలు నడిపి ఇంకోసారి రాసుకోండి. మెకానిక్ నోటిమాట కాదు, మీ చేత్తో కాగితం మీద రాసుకోండి.

ప్లగ్గులు నల్లగా ఉండి అంకె ప్లస్ ఇరవై చూపిస్తే, కంప్యూటర్ మోసపోతోంది. అప్పుడు వెతకాల్సింది పెట్రోల్ వైపు కాదు. ఆరిపోయిన సిలిండర్, లేదా సెన్సర్‌కు ముందున్న గ్యాస్కెట్. ప్లగ్గులు నల్లగా ఉండి అంకె కూడా మైనస్ ఇరవై దగ్గర ఉంటే, నిజంగానే పెట్రోల్ ఎక్కువ వస్తోంది, కంప్యూటర్ కోస్తున్నా ఆగడం లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వల్ల ఇలా అవుతోందని కొందరు మీతో అంటారు. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది, మిశ్రమాన్ని పల్చన చేస్తుంది. దానివల్ల అంకె కొంచెం ప్లస్ వైపు జరుగుతుందే తప్ప నల్లపొగ రాదు.

మైనస్ వస్తే అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇంజన్‌లో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) ఉందా? మన దగ్గర ఎండలకు భయపడి ఇంజన్ చేసినప్పుడల్లా థర్మోస్టాట్ తీసేసే అలవాటు ఇంకా పోలేదు. "మన వాతావరణానికి అది అక్కర్లేదు" అని మంచి ఉద్దేశంతోనే తీసేస్తారు. పాత కార్బురేటర్ బండిలో అది చెల్లిపోయేదేమో, ఈ బండిలో చెల్లదు. థర్మోస్టాట్ లేకపోతే ఔటర్ మీద గాలికి ఇంజన్ అరవై, అరవై అయిదు డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ ఇస్తూనే ఉంటుంది. డాష్‌బోర్డ్ ముల్లును నమ్మకండి, స్కానర్‌లో కూలెంట్ వేడి చూడండి. నడుస్తున్నప్పుడు 85 పైన నిలబడాలి. ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున స్టార్ట్ చేయకుండా కీ మాత్రం తిప్పి, కూలెంట్ వేడీ, లోపలికి వెళ్లే గాలి వేడీ చూడండి. రెండూ ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి. హైదరాబాద్‌లో పొద్దున ఆరింటికి కూలెంట్ సున్నా డిగ్రీలు అని చూపిస్తే సెన్సర్ పోయింది. చవకైన పార్టు, పది నిమిషాల పని.

వేడి సరిగ్గా ఉంటే పెట్రోల్ ప్రెషర్. ఆ ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌కు ఉన్న సన్నటి వ్యాక్యూమ్ పైపు పీకి ముక్కు దగ్గర పెట్టుకోండి. లోపల తడి పెట్రోల్ ఉంటే డయాఫ్రమ్ చిరిగింది, వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. బాగుంటే గేజ్ పెట్టించి చూడండి. మీ రెగ్యులేటర్ మీద 3 బార్ అని రాసి ఉంటే, ఐడ్లింగ్‌లో ఆ పైపు ఉన్నప్పుడు సుమారు 2.5, పీకితే 3 రావాలి. ఇంజన్ ఆపాక పది నిమిషాలకు కూడా 2 బార్ కంటే తగ్గకూడదు. తగ్గితే ఇంజెక్టర్ కారుతూ ఉండవచ్చు. ఇంజెక్టర్లను రైలుతో సహా పైకి లేపి, కింద తెల్ల కాగితం పరిచి, కీ తిప్పి ప్రెషర్ ఎక్కించి చూడమనండి. నిమిషానికి ఒకటి రెండు చుక్కలకు మించి ఏ ఇంజెక్టరూ కారకూడదు. రెండోది కారుతుంటే మీ పి0302 దొరికినట్టే. ఈ పని చల్లటి ఇంజన్ మీద, బయట గాలిలో, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకునే చేయాలి. ఇందులో రాజీ పడకండి.

ట్యాంకు ఆవిరిని లాగే పర్జ్ వాల్వ్ కూడా ఒక క్షణం చూడండి. దాని గొట్టాన్ని ఐడ్లింగ్‌లో ప్లయర్‌తో నొక్కి పట్టండి. వణుకు తగ్గితే ఆ వాల్వ్ మూసుకోవడం లేదు.

ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొనే ముందు దాని అంకె చూస్తే చాలు. వేడి ఇంజన్ ఐడ్లింగ్‌లో సెకనుకు 2 నుంచి 4 గ్రాముల గాలి చూపించాలి. అంతే చూపిస్తుంటే ఐడ్లింగ్ గొడవకు దాన్ని నిందించే ఆధారం లేదు.

ఇవన్నీ అయినా రెండో సిలిండర్ దారికి రాకపోతే, లేత్‌లో చేసిన వాల్వ్ సీట్ కటింగ్ మీదికి నా చూపు పోతుంది. ఇందులో సిలిండర్‌కు అయిదు వాల్వులు, మొత్తం ఇరవై. సీటును కొంచెం లోతుగా కోస్తే వాల్వ్ ఆ మేరకు పైకి వస్తుంది. పైన ఉన్న హైడ్రాలిక్ ట్యాపెట్‌కు సర్దుకునే చోటు ఉండదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ మూసుకుంటుంది, వేడికి కాడ సాగాక వెంట్రుక మందం తెరుచుకుని ఉండిపోతుంది. మీ లక్షణం అచ్చంగా ఇలాగే ఉంది. అందుకే కంప్రెషన్ పరీక్ష రెండుసార్లు చేయించండి, చల్లగా ఒకసారి, పూర్తిగా వేడెక్కాక ఒకసారి. ప్లగ్గులన్నీ తీసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి, యాక్సిలరేటర్ మొత్తం తెరిచి పెట్టి చూడాలి. సిలిండర్ల మధ్య తేడా 3 బార్ దాటకూడదు. చల్లగా ఉన్నప్పుడు సమానంగా ఉండి వేడిలో రెండోది పడిపోతే, హెడ్ మళ్లీ దిగాల్సిందే. రెండుసార్లూ తక్కువగా ఉంటే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు లేదా పెట్రోల్‌తో కడిగేసిన గోడ. పెరగకపోతే వాల్వులే. నాలుగూ ఒకేలా తక్కువగా ఉంటే టైమింగ్ మీద అనుమానం. ముందున్న బెల్టు గుర్తులు మాత్రమే చూసి వదిలేయకండి. వెనక రెండు క్యామ్‌లనూ కలిపే చిన్న చైన్ ఉంటుంది, రెండు క్యామ్‌ల గుర్తుల మధ్య సరిగ్గా పదహారు రోలర్లు ఉండాలి. పదిహేనో పదిహేడో ఉంటే బెల్టు ఎంత బాగా కట్టినా ఇంజన్ కుదురుగా నడవదు.

3000 మీద కుదుపులు, నల్లపొగ వేరే జబ్బు కావచ్చు. రెండింటినీ ఒకే కారణానికి ముడిపెట్టాలని చూడటం వల్లే ఇన్ని పార్టులు మారాయేమో. ఇంజన్ దించినప్పుడు ఇంటర్‌కూలర్ పైపులన్నీ ఊడదీసే ఉంటారు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కపెట్టిన గాలి, ప్రెషర్ పెరగగానే వదులుగా ఉన్న క్లాంపు దగ్గరో, చిరిగిన డైవర్టర్ వాల్వ్ (పెడల్ వదలగానే టర్బో ప్రెషర్‌ను మళ్లించేది) డయాఫ్రమ్ గుండానో పక్కదారి పడితే, ఆ గాలికి సరిపడా పెట్రోల్ మాత్రం సిలిండర్‌లోకి వచ్చేస్తుంది. అదే నల్లపొగ. చిల్లు థ్రాటిల్‌కూ హెడ్‌కూ మధ్య ఉంటే ఇంకా చిక్కు. ఐడ్లింగ్‌లో గాలి పీల్చి మిశ్రమాన్ని పల్చన చేస్తుంది, తొక్కితే గాలి వదిలి చిక్కన చేస్తుంది. టర్బో ముందున్న నోటికి మూత బిగించి, కంప్రెసర్‌తో మెల్లగా ఒక బార్ లోపు గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయమనండి. బుడగలు కనిపించిన చోటే లీకు. చేత్తో తడిమినప్పుడు ఏ జాయింట్ కింద ఆయిల్ తేమ తగులుతుందో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మీ మెకానిక్‌తో తగువు వద్దు. బోరింగ్, బేరింగులు పెట్టి ఇంజన్ నిలబెట్టినవాడికి చేతిపని తెలుసు. "పార్టు ఏదీ మార్చొద్దు, ఒక పూట మనం కలిసి కొలుద్దాం, మీ కూలీ నేనిస్తాను" అని చెప్పి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు, పార్టుల మీద కాకుండా తమ సమయం మీద డబ్బిస్తామంటే వాళ్లకూ గౌరవంగా ఉంటుంది. బ్యాటరీ తీసి పెట్టి ఉంటే, చివర్లో ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ వేసి బ్లాక్ 060లో థ్రాటిల్ అడాప్టేషన్ (థ్రాటిల్ స్థానాలను కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవడం) చేయించడం మాత్రం మరవకండి.

అమ్మే విషయం. మిస్సింగ్‌తో ఉన్న బండిని చూసి కొనేవాడు ముందు ఇంజన్ ధర కోసేస్తాడు, మీరు పెట్టిన ఖర్చుకు విలువే ఉండదు. నాన్నగారికి నెల రోజులు గడువు అడగండి. ఆయన ఇరవై ఏళ్లు నడిపిన బండి, పరీక్షల రోజు ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. ఇంజన్ విప్పకముందు అది ఎలా పలికేదో ఆయన చెవికే బాగా తెలుసు.

బ్లాక్ 032లోని రెండు అంకెలు, వేడెక్కాక కూలెంట్ ఎంతుందో, చల్లగా వేడిగా తీసిన ఎనిమిది కంప్రెషన్ అంకెలు రాసి పంపండి. ఆ రెండో ప్లగ్గు ఫోటో కూడా.